ముల్లు కదలని వారాలు



"ఈ వారం ఆరోగ్యం మీద మాట్లాడాల్సిన డాక్టరుగారు ఊళ్ళో లేరు, నువ్వు ఓ పావుగంట లాగించెయ్" అని మన రేడియో మిత్రులు అడిగితే సరేనన్నాను. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. ఐటీ కన్సల్టెంటుని. సోమవారం తెల్లవారుఝామున విమానం ఎక్కి గురువారం రాత్రి ఇంటికి చేరే జాతి. చదివిన మాస్టర్స్ కంప్యూటర్లలోనే, శరీరశాస్త్రంలో కాదు. అయితే ఏడాదిగా ఒక విషయం మీద మాత్రం దొరికిందల్లా చదివాను. బరువు తగ్గాలని మొదలుపెట్టినవాడికి అనుకున్నంత వేగంగా తగ్గకపోతే ఏమిటి కారణం, ఆ వారాల్లో మనసు నీరుగారిపోకుండా ఎలా నెట్టుకురావాలి అన్నది. ఈ రోజు అదే మాట్లాడతాను.

మనలో బరువు తగ్గాలనుకోని ఇల్లు లేదు. మొదలుపెట్టని ఇల్లూ దాదాపు లేదు. జనవరిలో జిమ్ముకి డబ్బు కడతాం, కాస్ట్‌కోలో ఓట్లు, బాదంపప్పు కొంటాం, పెరుగన్నానికి దణ్ణం పెడతాం. మొదటి రెండు వారాలు దివ్యంగా తగ్గుతుంది. ఆ తర్వాత మెషీను మీద ఎక్కితే నిన్నటి అంకే. ఎల్లుండి చూస్తే ఇంకో అర పౌండు ఎక్కువ. నెల గడిచేసరికి "మన తత్వం ఇంతే, మా వంశంలోనే ఉంది" అనేసి పులిహోర గిన్నె దగ్గరకి జరుపుకుంటాం.

నా లెక్కలు చెబుతాను. ఎత్తు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. మొదలుపెట్టిన రోజు బరువు 200 పౌండ్లు. రక్తపరీక్షలో ఎ1సి 6.1. అది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియకుండా ఉండే అదృష్టం మనవాళ్ళలో కొద్దిమందికే. క్లినిక్కులో చేతికొక కాగితం ఇచ్చారు. అందులో లెక్క చాలా సులువు. ఒక పౌండు కొవ్వుకి 3500 కేలరీలు. రోజుకి 500 తక్కువ తింటే వారానికి 3500. అంటే వారానికొక పౌండు. ఆరు నెలలకి 26, ఏడాదికి 52.

ఆరు నెలల తర్వాత నేను తగ్గింది 11 పౌండ్లు. అందులోనూ పదో వారం నుంచి పధ్నాలుగో వారం దాకా ముల్లు కదల్లేదు. ఇప్పటి మెషీన్లకు ముల్లెక్కడిదిలెండి, అంకెలే. ఐదు వారాలు 192, 193, 192.

మా వృత్తిలో ఒక ప్రాజెక్టు ఇలా వెనకబడితే మొదట అడిగే ప్రశ్న "పని చేసేవాళ్ళు సోమరులా?" అని కాదు. "ఈ ఎస్టిమేటు ఎవరిచ్చారు? ఏ లెక్కన ఇచ్చారు?" అని. అలాగే ఆ 3500 ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికాను. 1958లో మ్యాక్స్ విష్నాఫ్‌స్కీ అనే న్యూయార్కు డాక్టరు వేసిన లెక్క అది. పౌండు కొవ్వు కణజాలంలో ఎంత శక్తి దాగి ఉంటుందన్న వరకు ఆయన చెప్పింది సబబే. చిక్కు ఎక్కడంటే, శరీరం బరువు తగ్గుతున్నకొద్దీ ఖర్చు కూడా తగ్గించుకుంటుందన్న సంగతి ఆ గుణింతంలో లేదు. 200 పౌండ్ల మనిషిని మోసుకు తిరగడానికి అయ్యే ఖర్చు 185 పౌండ్ల మనిషికి అవ్వదు. ఆదాయం తగ్గిన సంసారిలాగా శరీరం ముందు పిల్లల సినిమాలు మానేస్తుంది, తర్వాత కూరగాయల్లో పొదుపు చేస్తుంది. మనకి తెలియకుండానే తక్కువ కదులుతాం. ఆకలి మాత్రం పెరుగుతుంది.

దీన్ని సరిగ్గా లెక్కకట్టినవాడు కెవిన్ హాల్. అప్పట్లో ఎన్.ఐ.హెచ్.లో పనిచేసేవాడు, చదివింది భౌతికశాస్త్రం. 2011లో లాన్సెట్ పత్రికలో ఆయన బృందం ఇచ్చిన సూత్రం ఇది. రోజుకి 10 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక పౌండు తగ్గుతుంది. కానీ అందులో సగం తగ్గడానికి సుమారు ఏడాది పడుతుంది, 95 శాతం తగ్గడానికి మూడేళ్ళు.

ఇప్పుడు నా కాగితం మీద లెక్క మళ్ళీ వేయండి. రోజుకి 500 తగ్గిస్తే మొత్తం మీద 50 పౌండ్లు, మొదటి ఏడాదిలో 25. పాత లెక్క 52 అంది! ఆరు నెలలకైతే పధ్నాలుగో, పదిహేనో. శనివారం పార్టీలు, ఎయిర్‌పోర్టు భోజనాలు కలుపుకుంటే 11 అంటే నేను దారిలోనే ఉన్నాను. అసలు వెనకబడింది ప్రాజెక్టు కాదు, ఎస్టిమేటు రెట్టింపు వేగంతో రాసుకుంది. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన ఊరట ఏ స్ఫూర్తిదాయక ప్రసంగం విన్నా కలగలేదు. ఈ 3500 లెక్కని ఇప్పటికీ చాలా చోట్ల యథాతథంగా ఇస్తూనే ఉంటారు, అది వేరే సంగతి.

మరి మొదటి రెండు వారాల వైభవం మాటేమిటి అంటారా? అది ఎక్కువగా నీళ్ళు. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం మానేస్తే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, నీళ్ళు బయటికి పోతాయి. మన తెలుగువాళ్ళకి ఈ మధ్య పాతికేళ్ళలో రెండు పెద్ద ఆహార ఉద్యమాలు వచ్చాయి కదా. మంతెన సత్యనారాయణరాజుగారిది ఉప్పూ నూనే లేని వంట. వీరమాచనేని రామకృష్ణగారిది అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు. రెండూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. ఒకరు వద్దన్న నూనెని ఇంకొకరు తాగమన్నారు. అయినా రెండింటిలోనూ మొదటి వారం బరువు దబ్బున తగ్గుతుంది. ఉప్పు మానేస్తే అది పట్టుకున్న నీరు పోతుంది, అన్నం మానేస్తే గ్లైకోజెన్ పట్టుకున్న నీరు పోతుంది. ఎవరి పద్ధతి మంచిదన్న తగువులోకి నేను దిగను, మా ఇంట్లోనే రెండు వర్గాలున్నాయి. నేననేది ఒకటే. మొదటి వారం వేగాన్ని చూసి మిగతా ఏడాదికి అంచనా వేసుకుంటే ఆశాభంగం రాసిపెట్టి ఉన్నట్టే.

ఇదే నీళ్ళు తిరుగుటపాలో కూడా వస్తాయి. శనివారం రాత్రి ఎవరింట్లోనో బిర్యానీ, మిరపకాయ బజ్జీ, ఆవకాయ తింటే సోమవారం పొద్దున్నకి మూడు పౌండ్లు ఎక్కువ చూపిస్తుంది. మూడు పౌండ్ల కొవ్వు రాత్రికి రాత్రి రావాలంటే మామూలు తిండి కాక ఇంకో పదివేల కేలరీలు తినాలి. ఎంత పెద్ద పాట్‌లకైనా అది మన వల్ల కాదు. ఆడవాళ్ళకైతే నెలసరి రోజుల ముందు నీరు చేరడం మామూలే. అందుకని వాళ్ళు ఈ వారం బరువుని కిందటి వారంతో కాకుండా కిందటి నెల ఇదే వారంతో పోల్చుకోవడం న్యాయం. భార్యాభర్తలు ఒకేసారి మొదలుపెట్టి, ఒకే మెషీను ఎక్కి, పక్కపక్కన అంకెలు పోల్చుకునే ఇళ్ళు నాకు తెలుసు. ఆ పోటీ దయచేసి మానేయండి.

నేను చేసిందేమిటంటే రోజూ పొద్దున్నే చూసి ఎక్సెల్‌లో రాసుకుని, వారం సగటు మాత్రమే లెక్కలోకి తీసుకోవడం. రోజువారీ అంకె వాతావరణం లాంటిది, ఏడు రోజుల సగటు కాస్త రుతువు లాంటిది. రోజూ చూస్తే మనసు పాడయ్యేవాళ్ళు వారానికోసారి చూసుకోండి. అమెరికాలో నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీ అని ఒకటుంది. 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ మొదలుపెట్టారు. కనీసం 30 పౌండ్లు తగ్గి, ఏడాది పైన నిలబెట్టుకున్నవాళ్ళే అందులో సభ్యులు. వాళ్ళలో మూడొంతుల మంది కనీసం వారానికొకసారి బరువు చూసుకుంటారు.

ఆశ ఎంత పెట్టుకుంటామన్నది కూడా ముఖ్యమే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గ్యారీ ఫోస్టర్ బృందం 1997లో ఒక పరిశోధన ప్రచురించింది. స్థూలకాయం ఉన్న 60 మంది స్త్రీలని "ఎంత తగ్గాలని మీ కోరిక? ఎంత తగ్గితే సంతృప్తి? ఎంతైతే నిరాశ?" అని ముందే అడిగి రాసుకున్నారు. సగటున తమ బరువులో 32 శాతం తగ్గాలని వాళ్ళ గురి. 48 వారాలకి సగటున 16 కిలోలు తగ్గారు. పదహారు కిలోలండీ, ఏ డాక్టరైనా చప్పట్లు కొట్టే సంఖ్య. కానీ వాళ్ళలో 47 శాతం మంది తాము "నిరాశ" అని రాసుకున్న బరువుకి కూడా చేరలేదు! తగ్గిన బరువు ఒళ్ళు చూసుకుంటే ఉంది, మనసులో లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నేనెందుకు మొదలుపెట్టాను అన్నదానికి. మా నాన్నగారికి నలభై మూడో ఏట షుగరు బయటపడింది. తెనాలిలో ఆయన తోటివాళ్ళందరికీ ఉంది కాబట్టి అదొక జబ్బని ఎవరూ అనుకోలేదు. పన్నెండేళ్ళ తర్వాత చెప్పు కరిచి కాలికి చిన్న పుండు పడింది. అది మానలేదు. రెండు వేళ్ళు తీసేశారు. నేనప్పుడు ఇక్కడ ఒక క్లయింటు దగ్గర గో-లైవ్‌లో ఉన్నాను. ఆపరేషన్ అయ్యాక ఫోన్లో ఆయన అడిగింది "నీ వీసా స్టాంపింగు సంగతేమైంది?" అని. నాకిప్పుడు ముప్ఫై ఏడు.

అంటే నాకు కావలసింది అద్దంలో అందం కాదు, ఆ నలభై మూడుని వెనక్కి నెట్టడం. అలా చూసినప్పుడు నా కొలబద్ద మారిపోయింది. ఇక్కడ రెండు పెద్ద పరిశోధనల గురించి చెప్పాలి, కాస్త ఓపిగ్గా వినండి.

మొదటిది ఈ దేశంలోనే జరిగింది. డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్, డి.పి.పి. అంటారు. 27 కేంద్రాల్లో 3234 మంది, అందరూ షుగరు అంచున ఉన్నవాళ్ళు. ఫలితాలు 2002లో వచ్చాయి. ఒక వర్గానికి మెట్‌ఫార్మిన్, ఒక వర్గానికి ఉత్తుత్తి మాత్ర, ఇంకో వర్గానికి జీవనశైలి శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణలో పెట్టిన గురి ఎంతనుకున్నారు? బరువులో 7 శాతం, వారానికి 150 నిమిషాల నడక. అంతే. 200 పౌండ్ల నాకు 7 శాతం అంటే 14 పౌండ్లు. ఆ మాత్రానికే సుమారు మూడేళ్ళలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్‌తో తగ్గింది 31 శాతం. పైగా అందరూ ఆ 7 శాతం అందుకోలేదు, 24 వారాల శిక్షణ ముగిసేసరికి సగం మందే అందుకున్నారు. తర్వాత లెక్కలు తిరగేస్తే, తగ్గిన ప్రతి కిలోకీ ముప్పు సుమారు 16 శాతం తగ్గిందని తేలింది. బరువు గురి తప్పినా నడక గురి అందుకున్నవాళ్ళకి 44 శాతం తక్కువ వచ్చింది. పదేళ్ళ తర్వాత చూస్తే చాలామందికి పోయిన బరువులో చాలా భాగం తిరిగొచ్చింది, అయినా మొదట ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వర్గం కంటే 34 శాతం తక్కువగానే షుగరు వచ్చింది.

రెండోది చెన్నైలో జరిగింది. ఇది మనవాళ్ళ ఒంటి మీద చేసిన లెక్క కాబట్టి నాకు మరీ ముఖ్యం. డాక్టర్ అంబాడి రామచంద్రన్ బృందం 531 మందితో మూడేళ్ళు చేసి 2006లో ప్రచురించింది. ఏ శిక్షణా లేనివాళ్ళలో 55 శాతం మందికి మూడేళ్ళలో షుగరు వచ్చింది. నడక, తిండి మార్పులు చేసినవాళ్ళలో 39.3 శాతం మందికి. మరి వీళ్ళు ఎంత బరువు తగ్గారు? చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు! మెషీను మీద అంకె చూసి "మన వల్ల కాదు" అని మధ్యలో మానేసి ఉంటే, ఆ తేడాలో ఉన్నవాళ్ళందరికీ ఏమయ్యేదో ఊహించండి. ముల్లు కదలకపోయినా లోపల పని జరుగుతూనే ఉంది.

మన ఒళ్ళు కాస్త వేరు. పుణేకి చెందిన డాక్టర్ యాజ్నిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్‌కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫొటో 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరికీ బి.ఎమ్.ఐ. 22.3. కొవ్వు మాత్రం ఆయనకి 9.1 శాతం, మనాయనకి 21.2. అందుకే 2015 నుంచి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మనలాంటి ఆసియా వాళ్ళకి బి.ఎమ్.ఐ. 23 నుంచే షుగరు పరీక్ష చేయమంటోంది, మిగతావాళ్ళకి 25. కాబట్టి ఇంట్లో బట్టలు కుట్టే టేపు ఒకటి పెట్టుకోండి. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదని మనకి పెట్టిన హద్దు. నాకు కదలని ఆ ఐదు వారాల్లో బెల్టు ఒక రంధ్రం లోపలికి వచ్చింది. ఆరు నెలలకి ఎ1సి 6.1 నుంచి 5.7కి దిగింది. ఎర్ర రక్తకణం ఆయుష్షు నాలుగు నెలల లోపు కాబట్టి ఆ పరీక్ష మూడు నెలలకోసారి చేయిస్తే చాలు, నెలనెలా చూసి కంగారు పడక్కర్లేదు.

ఇక రోజువారీ సంగతి. కదలిక ఆగిపోయినప్పుడు ఒకసారి కొలతలు సరిచూసుకోవడం మంచిదే. 1992లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో "మేం తినేదే తక్కువ, అయినా తగ్గట్లేదు" అన్న పదిమందిని కొలిస్తే, తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పారని తేలింది. అబద్ధాలాడి కాదు, మనిషి కళ్ళు అంతే. మనకి కొలవడానికి సులువైనది ఒకటుంది, రైస్ కుక్కరుతో వచ్చే కప్పు. అది 180 మిల్లీలీటర్లు. నిండా బియ్యం పోస్తే సుమారు 150 గ్రాములు, అంటే 540 కేలరీల దాకా. ఇద్దరికి రాత్రి పూట రెండు కప్పులు పడేసేవాళ్ళం, ఒకటికి దించాం. మిగతా కంచం గోంగూర పప్పు, బీరకాయ, బెండకాయ వేపుడు కాకుండా కూర. నెయ్యి మానలేదు, చెంచాతో వేసుకుంటున్నాం. ప్రయాణాల్లో హోటలు పొద్దున్న పెట్టే ఉచిత టిఫిను దగ్గర గుడ్లు, పండు. పెసరట్టు గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

చలికాలం నడక కష్టం. మంచు పడ్డ రోజుల్లో మాల్ తెరవగానే వెళ్తే, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు మేజోళ్ళ మీద చీరలతో, మంకీ క్యాపులతో బారులు తీరి నడుస్తుంటారు. వాళ్ళతో నడిస్తే మన ఊరి కబుర్లు, ఎవరి పిల్లకి ఎక్కడ సంబంధం కుదిరిందో అన్నీ ఉచితం.

ఈ మధ్య అందరూ అడిగేది సూదుల గురించి. వెగోవీ 2021లో, జెప్‌బౌండ్ 2023లో బరువు కోసం అనుమతి పొందాయి. వాటిని తీసిపారేసే రోజులు కావు, వెగోవీ పరిశోధనలో 68 వారాలకి సగటున దాదాపు 15 శాతం తగ్గారు. కానీ గమనించండి, అది కూడా 68 వారాలు! అవి వాడినా ఏడాదికి పైబడి ముల్లు ఆగిపోతుంది. మందు ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. కావాలో వద్దో మీ డాక్టరుతో తేల్చుకోండి. నెలల తరబడి ఏ మార్పూ లేకపోతే థైరాయిడ్, వాడుతున్న ఇతర మందులు కూడా చూడమనండి. షుగరు మాత్రలు, ఇన్సులిను వాడేవాళ్ళు చెప్పకుండా తిండి తగ్గించవద్దు.

జనం మాటలు ఒకటుంటాయి. 11 పౌండ్లు తగ్గితే ఇక్కడ ఒక్కరూ గమనించలేదు. పార్టీలో ఒక అన్నగారు "ఏదో చేస్తున్నావంట, తగ్గినట్టు లేదే?" అన్నారు. అదే వారం వీడియో కాల్‌లో అమ్మ నన్ను చూసి "మొహం పీక్కుపోయింది, అక్కడ తిండి పెట్టట్లేదా?" అని కోడలి మీదకి వెళ్ళింది. ఒకే మొహం! ఇంకా మా ఆవిడ ఆ విషయం మర్చిపోలేదు.

మన నిర్వాహకులు చెయ్యి ఊపుతున్నారు, టైమైపోయిందని. ఒక్క ముక్క. నేను చెప్పిన ఆ డి.పి.పి. శిక్షణ ఇప్పుడు దేశమంతా దొరుకుతుంది. సి.డి.సి. దాన్ని 2010 నుంచి జాతీయ కార్యక్రమంగా నడిపిస్తోంది. 2018 నుంచి మెడికేర్ కూడా డబ్బు ఇస్తోంది, కాబట్టి మెడికేర్ ఉన్న పెద్దవాళ్ళకి చెప్పండి. మిగతావాళ్ళు ఇన్సూరెన్సు కార్డు వెనకాల ఉన్న నంబరుకి ఫోన్ చేసి "డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ నా ప్లానులో ఉందా?" అని అడగండి. చాలా కంపెనీల ప్లానుల్లో ఉంటుంది, అడిగేవాళ్ళే ఉండరు. హోల్డులో పెడితే ఆ పాట వింటూ లేచి హాల్లో నడుస్తూ ఉండండి, నాకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది.